కాయిదం రాజా గారి డచ్చి బొమ్మలు

రాజపాళయం వెళ్ళేవాళ్ళు సాధారణంగా నూలు బేరానికి వెళ్తారు, లేదంటే ఆ ఊరి పేరున్న తెల్ల కుక్కపిల్ల కోసం వెళ్తారు. నేను వెళ్ళింది డచ్చివాళ్ళ పాత బొమ్మలు చూడటానికి. ఈ మాట చెబితే మా ఇంట్లోనే నవ్వారు. వెళ్ళి వచ్చాక నాకు మాత్రం నవ్వు రాలేదు. అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది బందరు. ఉద్యోగం చెన్నైలో, పాత బొమ్మలు వేలం వేసే ఒక చిన్న సంస్థలో. వేలానికి వచ్చిన ప్రతి బొమ్మ కిందా అది ఎవరు గీశారో, ఎప్పటిదో, ఏ స్థితిలో ఉందో రాసి కాటలాగు తయారుచేయడం నా పని. ఆ రాయడంలో మెట్లుంటాయి. ఫలానా చిత్రకారుడు గీసినది అని ఖాయంగా రాస్తే అది పై మెట్టు. ఆయనదని భావిస్తున్నాం అంటే ఒక మెట్టు కింద. ఆయన శిష్యులదో, చూసి దించినవాళ్ళదో అంటే ఇంకా కింద. అడుగున ఉండేది 'చిత్రకారుడు తెలియదు'. ఒక మెట్టు ఎక్కువ వేసి తర్వాత తప్పని తేలితే, ఆ కాటలాగు రాసినవాళ్ళ మాట మళ్ళీ ఎవరూ నమ్మరు.

రాజపాళయం నుంచి అలమేలమ్మ గారనే ఆవిడ తన దగ్గరున్న డచ్చి బొమ్మలకు ఫోటోలు తీయించి పంపింది. అన్నీ కాగితం మీద సిరాతో గీసి, నీటిరంగులు వేసినవి. ఓడలు, కోటగోడ, తాటిచెట్లు. ఒకదాని మీద మాత్రం నా కన్ను నిలిచిపోయింది. సముద్రపు ఒడ్డున ఇసుకలో కొత్త గుడ్డను బారులు బారులుగా పరిచి చలువ చేస్తున్న మనుషులు. నడుం వంచి నీళ్ళు చల్లుతున్న ఆడవాళ్ళ వీపుల్ని ఆ చిత్రకారుడు ఒక్కొక్క గీతతో తేల్చేశాడు. ఫోటోను పెద్దది చేసి, వెలుతురు పెంచి చూస్తే కింద అంచున గోధుమరంగు సిరాతో మసకగా ఒక పేరు. ఆ పేరు ఇక్కడ అనవసరం, నాకే సరిగ్గా నోరు తిరగదు. మా రంగంలో అందరికీ తెలిసిన డచ్చి చిత్రకారుడిది. నేను ఫోన్‌లో అలమేలమ్మ గారితో ఆ బొమ్మను తెగ మెచ్చుకున్నాను. పేరు సంగతి మాత్రం చెప్పలేదు. అసలు బొమ్మ చూడకుండా సొంతదారులకు ఆశ పెట్టకూడదని మా పద్ధతి.

ఇక్కడ నేనే తొందరపడ్డాను. ఫోటో చూసి పెళ్ళి ఖాయం చేసినట్టు, కాటలాగు చిత్తుప్రతిలో పై మెట్టే రాసేశాను. అచ్చుకు పోయేముందు మా మేనేజరు అడిగాడు, "అసలు బొమ్మ చూశారా?" అని. చూడలేదు. రాజపాళయానికి టికెట్టు తీసుకున్నాను.

రైల్లో

నాకు ఎదురు బెర్తులో ఒక నూలు ఏజెంటు. అరవై దాటిన మనిషి. ఫోన్‌లో తమిళంలో ఎవరినో అరగంట సేపు తిట్టి, పెట్టేసి, నా వైపు తిరిగి చల్లగా అడిగాడు.

"తెలుగామ్మా మీరు? ఫోనులో మాట్లాడినారు, విన్నాను. ఆంధ్రా తెలుగు. సినిమాలో మాదిరి ఉండాది."

ఆయనది రాజపాళయమే. తాతముత్తాతల కన్నా ముందే వచ్చి స్థిరపడిన తెలుగు రాజుల కుటుంబం. ఆయన తెలుగు నాకు మా నాయనమ్మ కన్నా పాతగా వినిపించింది. మధ్యలో తమిళం, ఆపైన కాస్త ఇంగ్లీషు. ఆయన పొట్లం విప్పి నూనెలో వేయించిన పరోటా పెట్టాడు. విరుదునగరు వైపు పరోటాను కాల్చరు, నూనెలో ముంచి కరకరలాడిస్తారు. బందరులో పరోటా ఇట్లా చేస్తే చెగోడీ అనుకుంటారు. రెండు తిన్నాను.

ఎవరింటికి పోతున్నానో చెప్పగానే ఆయన తొడ చరిచి నవ్వాడు.

"తిరుపతి రాజా ఇంటికా? కాయిదం రాజా ఇల్లు అని అడగండి, చిన్నపిల్ల కూడా చూపిస్తాది!"

కథ ఆయనే చెప్పాడు. అలమేలమ్మ గారి భర్త తిరుపతి రాజా వయసులో ఉండగా తూత్తుకుడిలో ఒక పాత కంపెనీ బంగళా సామాను ఏలానికి వచ్చిందట. అక్కడ వేలాన్ని ఏలం, కాగితాన్ని కాయిదం అంటారు. దూది గింజ తీసే యంత్రం పాడుకొని రమ్మని తండ్రి పంపాడు.

"మిషను ఏలం తీయను పోయినాడు, కాయిదాలు ఏలం తీసుకొని వచ్చినాడు! ఊరంతా నవ్వినాము. నేను కూడా నవ్వినాను, అబద్ధం ఎందుకు చెప్పాల? ఇది గీసినవాడు చాలా పెద్దవాడు, ఒకనాడు ఎవరైనా వచ్చి చెప్తారు అనేవాడు. పోయిన ఏడు పోయినాడు, పాపం. ఎవరూ రాలేదు."

పరోటా పొట్లం మడుస్తూ, "మీరు వస్తా ఉండారు కదా ఇప్పుడు" అన్నాడు.

అంతవరకూ నా పేరు పోతుందేమో అన్నదే నా బెంగ. ఇప్పుడు చనిపోయిన మనిషి మాట ఒకటి నా సంచిలోకి వచ్చి చేరింది. బొమ్మ ఆ చిత్రకారుడిది కాదని తేలితే ఆ ఊరు రెండోసారి నవ్వుతుంది.

రాజపాళయం

పొద్దున్నే దిగాను. పడమట కొండలు చాలా దగ్గరగా, నీలంగా ఉన్నాయి. స్టేషను బయట టీ పన్నెండు రూపాయలు. మన దగ్గర ఆ డబ్బుకు వచ్చే గ్లాసు కన్నా కాస్త పెద్దది. దాన్ని చల్లార్చుకునేంత ఓపిక కూడా లేక నాలుక కాల్చుకున్నాను.

కాయిదం రాజా ఇల్లు అని అడగడానికి నాకు నోరు రాలేదు. తిరుపతి రాజా గారిల్లు అని అడిగాను. ఆటో అతను అర్థం కానట్టు చూసి, కాసేపటికి "ఓ, కాయిదం రాజావా!" అని తీసుకుపోయాడు.

గేటులో తెల్ల కుక్క నిలబడి ఉంది. అరవలేదు, కరవలేదు, ఊరికే అడ్డంగా నిలబడి నన్ను చూస్తోంది. లోపల నుంచి ఒకామె వచ్చేదాకా నేను సంచిని గుండెకు అదుముకొని అక్కడే ఉన్నాను. ఆమె అలమేలమ్మ గారి మేనకోడలు కమల. ఫోటోలు తీసి పంపింది ఈమే.

"రాండక్కా, పయపడొద్దండి, అది ఏమీ చేయదు. ఎంత తెల్లగా ఉండాదో చూడండి, ఒక్క మచ్చ లేదు. మచ్చ ఉంటే మా ఊళ్ళో ఎవరూ తీసుకోరు."

"అలమేలమ్మ గారు ఉన్నారా?"

"అత్త తెల్లారే సత్రపట్టికి పోయినారు, యూనిట్టుకు. బొమ్మల కట్ట కూడా ఎత్తుకొని పోయినారు. మీరు వచ్చేలోపల శుద్ధం చేసి పెడతానన్నారు."

"శుద్ధం అంటే?"

"మరకలు ఉండె గదక్కా. బ్యాండేజి గుడ్డకు చేసే మాదిరిదా."

సత్రపట్టి ఆస్పత్రుల బ్యాండేజి గుడ్డకు పెట్టింది పేరు. అలమేలమ్మ గారికి అక్కడ ఒక చిన్న షెడ్డు ఉంది. మగ్గం మీద నుంచి దిగిన పసుపుపచ్చ గుడ్డను బ్లీచింగు మందులో వేసి తెల్లగా చేసి ఆరబెడతారు. ఆ మందు పాత సిరా మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడ ఫోనుకు చేస్తే అది పక్కగదిలో టీవీ మీద మోగింది.

కమల ఇడ్లీ తినకుండా కదలనివ్వలేదు. ఆ ఇంట్లో ఇడ్లీరేకు మీద పరిచేది కూడా ఆ బ్యాండేజి గుడ్డే, ఇడ్లీ వెనక దాని గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. ఊరగాయ జాడీ మూతికి అదే గుడ్డ. గోడ మీద ఫోటోలకు దుమ్ము పట్టకుండా అదే గుడ్డ. మరో రోజైతే ముచ్చటగా చూసేదాన్ని. ఆ రోజు నిలబడే రెండు ఇడ్లీలు తిని బయటపడ్డాను.

దారి తప్పి

సత్రపట్టి బస్సు ఏదని ఎవరినీ అడక్కుండా, కదులుతున్న టౌను బస్సు ఎక్కేశాను. ఆడవాళ్ళకు అందులో టికెట్టు లేదు, కనుక ఎక్కడికని కండక్టరు కూడా సరిగ్గా అడగలేదు. ఊరు దాటి పొలాలు వచ్చాక పక్కనున్నామెను అడిగాను. దూది మిల్లులో పనిచేసే మనిషిలా ఉంది, జుట్టంతా తెల్లటి నూగు. రాత్రి షిఫ్టు చేసి ఇంటికి పోతోంది.

"సత్రపట్టా? ఇది మంసాపురం పోయే బండి కదక్కా! అది ఆ పక్క, ఇది ఈ పక్క."

ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆమె నా మొహం చూసి, టిఫిను క్యారియరు పట్టుకొని నాతోపాటు దిగింది. ఎదురొచ్చే షేరాటోను చెయ్యెత్తి ఆపింది.

"ఎవరు, ఆస్పత్రిలో ఉండారా?" అని అడిగింది జాలిగా.

"కాదమ్మా. ఒక బొమ్మ పాడైపోతుందేమోనని."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "బొమ్మా? సరి సరి. దానికోసం ఎందుకు ఏడుస్తారు, పోండి, దొరుకుతాది" అని ఆటోలోకి తోసింది. ఇరవై రూపాయలకు మించి ఇవ్వొద్దని డ్రైవరు వినేటట్టు చెప్పింది కూడా. పేరు అడగలేదు, ఇప్పటికీ ఆ లోటు ఉంది.

సత్రపట్టి

సత్రపట్టిలో వీధిలో నడుస్తుంటే రెండు పక్కలా మగ్గాల మోత. ఖాళీ స్థలం కనపడితే చాలు, దండేలు కట్టి బ్యాండేజి గుడ్డ ఆరేశారు. గాలికి అదంతా ఒక్కసారి లేచి పడుతోంది. వీధి మొత్తం బ్లీచింగు వాసన, కళ్ళు మండాయి. మా బందరులో కలంకారీ గుడ్డలు కాలవలో జాడిస్తారు, అక్కడ రంగు నిలవాలని పాట్లు. ఇక్కడ ఏ రంగూ మిగలకూడదని.

షెడ్డు గుమ్మంలోకి వెళ్ళేసరికి ఒక పెద్దావిడ బల్ల ముందు కూర్చొని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఎదురుగా కోటగోడ బొమ్మ పరిచి ఉంది, చేతిలో తడి దూది. ఆ చెయ్యి కిందికి దిగుతోంది.

"ఆపండి!" అని అరిచాను. మగ్గాల మోతలో అది వినపడలేదు. పరుగెత్తి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ముక్కూమొహం తెలియని పెద్దమనిషి చెయ్యి అట్లా పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు.

ఆవిడ కోపగించుకోలేదు. నన్ను చూసి మొహం విప్పారింది. "మెడ్రాసు నుంచి వచ్చినారా? కూర్చోండి, కూర్చోండి. ఎందుకు ఇట్ల పరుగెత్తినారు? ఇది ఇంక మొదలు పెట్టలేదు. ఒకటి అయిపోయింది. రాండి, చూపిస్తాను."

కొత్త బ్యాండేజి గుడ్డ మడత విప్పింది. లోపల నేను ఫోన్‌లో మెచ్చుకున్న బొమ్మ.

సముద్రం అట్లాగే ఉంది. ఓడలు ఉన్నాయి. ఇసుక మీద పరిచిన గుడ్డలు మాత్రం తెల్లగా, నిన్న కొన్న కాగితంలా ఉన్నాయి. వాటి అంచుల్లో సిరా గీతలు లేవు. వంగిన ఆడవాళ్ళలో ఇద్దరికి వీపులు లేవు. కింద అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా శుభ్రంగా ఉంది. పేరు లేదు.

"మీరు దీన్ని ఎంతో మెచ్చుకొన్నారు గదా, అందుకని దాన్నే ముందు చేసినాను" అంది అలమేలమ్మ గారు. "ముంచలేదు, ముంచితే కాయిదం కరిగిపోతాదని నాకు తెలీదా? దూది తడిపి మెల్లంగా ఒత్తినాను. మా ఆయన దీన్ని కొన్నదే దీనిలో మా తొళిల్, మా పని, ఉండాదని. చూడండి, మన మాదిరిదా గుడ్డ ఆరేస్తా ఉండారు అనేవాడు. ఆ గుడ్డ పోయి పోయి చాయ్ రంగుకు వచ్చేసె. పదిమంది చూసే చోట పెడతారంటే, గుడ్డ అట్ల మురికిగా ఉంటే మా తొళిల్‌కే అవమానం గదా?"

ఆవిడ చేతులు చూశాను. మందుకు చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. పసిపిల్లకు మందు రాసినంత జాగ్రత్తగా చేసింది ఆ పని. ఆ జాగ్రత్తే నన్ను చంపింది, మోటుగా చేసి ఉంటే పేరులో రెండక్షరాలైనా మిగిలేవి.

నా సంచిలో ఊదా కాంతి టార్చి ఒకటి ఉంటుంది. చీకట్లో వేస్తే, చెరిగిపోయిన సిరా ఒక్కోసారి నీడలా తేలుతుంది. నూలు నిలవచేసే గదిలోకి వెళ్ళి తలుపు వేయమన్నాను. ఎందుకని అడక్కుండా ఆవిడ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. టార్చి వేశాను. అంచున ఒక చోట నల్లగా చిన్న వంపు కనపడింది. మొదటి అక్షరం కావచ్చు. ఏ అక్షరమైనా కావచ్చు. మిగతా అంతా ఖాళీ. మళ్ళీ మళ్ళీ వేసి చూశాను, కళ్ళు నీళ్ళు కారేదాకా. వంపు అంతే ఉంది.

"ఏముండాది తల్లీ అక్కడ?" అని చీకట్లో నుంచి అడిగింది.

"చూస్తున్నాను పెద్దమ్మా" అన్నాను.

మళ్ళీ రాజపాళయం

తిరుగు దారిలో ఆవిడ ఆటోలో ఒళ్ళో కట్ట పెట్టుకొని, ఏయే వీధిలో ఎవరి మిల్లో నాకు చూపిస్తూ వచ్చింది. నేను ఊ కొట్టాను. మా మేనేజరు ఫోన్ చేశాడు. సంగతి గుసగుసగా చెప్పాను. "అయితే అడుగు మెట్టే. ఫోటోలో పేరున్నా లాభం లేదు, ఆ సిరా పాతదో, ఎవరో తర్వాత రాసిందో ఇక తేల్చలేం. ఆవిడకు పేరు సంగతి తెలియదు కదా? చెప్పకండి. ఎందుకు బాధపెట్టడం?" అన్నాడు. మంచి మనిషి, మంచికే అన్నాడు. నాకూ అదే సుఖంగా అనిపించింది, కాసేపు.

ఇంట్లో ఆకు వేసి అన్నం పెట్టారు. పప్పు, కొబ్బరి దండిగా వేసిన కూర, పులుసు, చివర శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా. మన వైపు అతిథి తింటుంటే ఇంటివాళ్ళు ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలతారు. అక్కడ బతిమాలరు, అడగకుండానే వడ్డించేస్తారు. ఎదురుగోడ మీద తిరుపతి రాజా గారి ఫోటో, దాని మీద పల్చటి గుడ్డ.

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పాల" అంది అలమేలమ్మ గారు. "ఆయన చెప్పింది నిజమా? గీసినవాడు పెద్దవాడా? బుక్కులో పేరు వేస్తారా?"

తెలియదు పెద్దమ్మా అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది. కాని ఆ మాటకు అర్థం ఆయన చెప్పింది ఉత్తదని. చెయ్యి కడుక్కొని ఫోన్ తీశాను. ఆ పాత ఫోటోను పెద్దది చేసి, కింది అంచు చూపించాను.

"ఇక్కడ పేరు ఉండేది. చాలా పెద్దవాడిదే. నేను ఫోన్‌లో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

ఆవిడ ఫోన్‌ను కళ్ళ దగ్గరికి తీసుకుంది. ముందు నవ్వింది. నిజంగా నవ్వింది, మొహమంతా. "చూసినావా కమలా! పేరే ఉండాది! మామ చెప్పింది నిజందా!"

తర్వాత ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. కట్ట విప్పి, అసలు బొమ్మ అంచు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు పోనిచ్చింది. నాకు లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది. కమల ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ ఏడవలేదు.

"ఇప్పుడు ఏమని రాస్తావు?"

చెప్పాను. డచ్చి చిత్రకారుడు, పేరు తెలియదు. స్థితి దగ్గర, 'కొంత భాగం రసాయనంతో శుభ్రం చేయబడింది' అని.

"ఎవరు చేసినారు?"

"అది రాయరు పెద్దమ్మా. ఆ అవసరం లేదు."

"అవసరం ఉండాది. ఎవరో రాయకుంటే ఆయనే చేసినాడంటారు. లేకుంటే పేరే లేదు, కాయిదం రాజా కత అల్లినాడంటారు. పేరు ఉండె, పెండ్లాము అలమేలమ్మ చెరిపేసె, అని రాయి."

నేను కాగితం తీసి రాశాను. బొమ్మ అంచున ఒక పేరు ఉండేదని, అది ఫోటోలో కనపడిందని, తిరుపతి రాజా భార్య అలమేలమ్మ తెలియక దాన్ని చలువ చేసిందని. చదివి వినిపించాను.

"తెలియక అనేది తియ్యి" అంది. "ఈ తొళిల్‌లోనే ముసలిదాన్ని అయినాను. తెలిసినదాన్ని అనుకొనే చేసినాను."

ఆ మాట కొట్టేశాను. ఇట్లా అచ్చువేస్తే మీ ఊళ్ళో అందరూ చదువుతారు, నవ్వుతారు కూడా, ఆలోచించుకోండి అన్నాను. ఆవిడ బొమ్మను మళ్ళీ గుడ్డలో చుడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నవ్వనీ. ఆయన్ని చూసి నవ్వింది చాలు, ఇంక నన్ను చూసి నవ్వనీ."

ఆవిడ చెప్పినట్టే కాటలాగులో వేశాము.